తాటిపూడి లోతు డైరీ: గాలం ఒడ్డున వెయ్యాలా, లోపలికి దించాలా?

ఎక్కడ, ఎందుకు

ఫోన్లో గాలం వీడియోలు చూస్తే ఎక్కువ భాగం అమెరికా బాస్ చేపవే వస్తాయి. అందులో ప్రతి ఒక్కరూ చెప్పే సూత్రం ఒకటి: వసంతంలో ఒడ్డు వారన, ఎండలు ముదిరాక లోతులో. వాళ్ల చేపకి, వాళ్ల సరస్సులకి అది నిజమే. నీళ్లు 16, 17 డిగ్రీలకి వెచ్చబడగానే బాస్ ఒడ్డుకొచ్చి గుడ్లు పెడుతుంది, వేసవిలో చాలా భాగం చల్లని లోతులు వెతుక్కుంటుంది. మన ఉత్తరాంధ్ర నీళ్లలో బాస్ లేదు. మనకున్నవి కొర్రమీను, బొచ్చె, శీలావతి, మోసు, వాలుగ, జెల్ల, గొరక. ఆ సూత్రాన్ని ఇక్కడికి తెచ్చి మే నెల మిట్టమధ్యాహ్నం ఏడు మీటర్ల లోతులో ఎర దించి కూర్చున్న కుర్రాళ్లని చాలామందిని చూశాను. వాళ్లకి ఎందుకు పడలేదో తెలియాలంటే ముందు నీళ్లని కొలవాలి. ఈ డైరీ అందుకే.

చోటు తాటిపూడి రిజర్వాయరు. విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో, అనంతగిరి కొండల నుంచి దిగే గోస్తనీ నది మీద 1960ల్లో కట్టారు. పొలాలకీ విశాఖ తాగునీటికీ ఇక్కడి నుంచి నీరు పోతుంది. కొలిచింది మొత్తం రిజర్వాయరు కాదు, పాత గెడ్డ (వాగు) ఒకటి మునిగిపోయిన ఒక పాయ మాత్రమే.

ఇది మనుషులు తాగే నీరు కాబట్టి మొదటి రోజే రెండు నియమాలు పెట్టుకున్నాం. సీసం వాడకూడదు, బరువులన్నీ ఇనప నట్లే. తెగిన గాలం దారం (లైను) జానెడు ముక్కయినా నీళ్లలో వదలకూడదు. ఇక్కడ వలలు వేసుకుని బతికే మత్స్యకారులున్నారు. వాళ్లని అడిగి, వాళ్ల థర్మాకోల్ తెప్ప బాడుగకి తీసుకుని, వాళ్ల వలలకి దూరంగా పని చేశాం. మీ ఊరి చెరువులో చేసినా ముందు అడగాల్సింది వాళ్లనే. తెప్ప మీద ఎప్పుడూ ఇద్దరం, నేనూ మా బావమరిదీ, లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కలేదు.

మొదటి దశ: లోతు తాడు (ఫిబ్రవరి, మార్చి)

శబ్దంతో లోతునీ చేపల్నీ చూపించే ఫిష్ ఫైండర్ కొనలేదు. ఖరీదు ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, తాడుకి కట్టిన బరువు అడుగు మట్టిని కూడా పైకి తెచ్చి చూపిస్తుంది. ఆ మట్టే తర్వాత చాలా సంగతులు చెప్పింది.

మొదట నూలు తాడు. 10 మీటర్లు కొలిచి అర మీటరుకో ముడి, మీటరుకో ఎర్ర గుడ్డ పీలిక. ఉదయం ఒక చోట 6.2 మీటర్లు చూపించింది. మధ్యాహ్నం అదే చోట, అదే మోడుకి తెప్ప కట్టి దించితే 6.5. రెండు మూడు గంటల్లో రిజర్వాయరు నీళ్లు అడుగు పెరగవు. తాడు ఒడ్డుకి తెచ్చి తడిగా ఉండగానే టేపు పెడితే 10 మీటర్ల తాడు 9.45 ఉంది. నూలు నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఉబ్బినకొద్దీ తాడు పొడవు తగ్గుతుంది. ముడులు దగ్గరపడతాయి కాబట్టి ఉన్నదానికన్నా ఎక్కువ లోతు చూపిస్తుంది. ఆ రోజు రాసిన అంకెలన్నీ కొట్టేశాం.

విజయనగరం గంటస్తంభం దగ్గర హార్డ్‌వేర్ షాపులో పాలియెస్టర్ తాడు తెచ్చాం. రాత్రంతా బకెట్లో నానబెట్టి కొలిస్తే 10 మీటర్లకి 9.98. అది చాలు.

బరువు దగ్గర ఇంకో చిక్కు. 150 గ్రాముల నట్లు కడితే, గాలికి తెప్ప జరిగినప్పుడల్లా తాడు ఏటవాలుగా పోయింది. తాడు 30 డిగ్రీలు వాలితే 5 మీటర్ల లోతు 5.8గా కనిపిస్తుంది. అర కిలోకి పెంచాక తాడు నిటారుగా నిలిచింది. ఇనుము సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకి మూట పెద్దదవుతుంది, అంతకుమించి ఇబ్బంది లేదు.

పనికొచ్చిన పద్ధతి ఇది:

1. అర కిలో నట్లని ఒక పెద్ద బోల్టుకి గుచ్చి బిగించండి. బోల్టు తల కిందకి ఉండాలి.
2. బోల్టు తల మీద వేలెడు మందాన గ్రీజు రాయండి. ఇసుకైతే ఇసుక, గులకైతే చిన్న గులకలు, బురదైతే బురద అంటుకొస్తుంది. కొలత అవగానే గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ ఇంటికి తెచ్చేయండి.
3. తాడు తెప్ప అంచుకి తగలకుండా చేతిలోంచే వదలండి. అడుగు తగిలాక ఒకసారి ఎత్తి మళ్లీ ఆనించి చదవండి.
4. ఒడ్డున కదలని బండ మీద తెల్ల పెయింటుతో 10 సెంటీమీటర్లకో గీత గియ్యండి. ప్రతి కొలత పక్కన ఆ రోజు నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో రాయండి.

నాలుగోది వదిలేస్తే మిగతా మూడూ దండగ. రిజర్వాయరు నీరు రోజూ పోతూనే ఉంటుంది. ఫిబ్రవరిలో గీసిన పటం మేలో అబద్ధం చెబుతుంది. మా గీతల ప్రకారం మే నెలాఖరుకి నీళ్లు 1.9 మీటర్లు దిగాయి.

పాయ రూపం ఇలా తేలింది. ఒడ్డు నుంచి మెల్లగా వాలు, గడ్డి, తామరాకు. తర్వాత గులకరాళ్ల మెట్టు, ఫిబ్రవరిలో 3 నుంచి 3.5 మీటర్లు, అక్కడక్కడ పాత చెట్ల మోళ్లు. మెట్టు దాటగానే నేల తెగినట్టు 7 మీటర్లకి పడిపోతుంది. అదే మునిగిన గెడ్డ. దాని మలుపులో ఒక గుంట 8.2 మీటర్లు. మెట్టు మీద గ్రీజుకి గులక అంటింది, గెడ్డలో మెత్తటి నల్ల బురద.

ఇప్పటిదాకా ఖర్చు: నూలు తాడు 90, పాలియెస్టర్ తాడు 160, నట్లు, గ్రీజు 70, పెయింటు 60. మొత్తం రూ. 380. తెప్ప బాడుగ కలపలేదు, అది చోటుని బట్టి మారుతుంది.

రెండో దశ: వేడి కొలిచే తీగ (ఏప్రిల్)

థర్మామీటరుని తాడుకి కట్టి దించితే పైకి తెచ్చేలోపే అంకె మారిపోతుంది. దానికి పాత ఉపాయం సీసా. బరువు కట్టిన ఖాళీ సీసాకి బిరడా బిగించి దించి, కావాల్సిన లోతులో బిరడాకి కట్టిన తాడు లాగితే ఆ లోతు నీరు నిండుతుంది. పైకి తెచ్చి వెంటనే వేడి చూడాలి.

వెడల్పు మూతి సాస్ సీసాతో మొదలుపెట్టాం. 2 మీటర్ల దగ్గర బాగానే లేచింది. 6 మీటర్ల దగ్గర బిరడా కదల్లేదు, తాడు తెగింది. కారణం నీటి ఒత్తిడి. ప్రతి 10 మీటర్లకి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో చొప్పున పెరుగుతుంది. మా బిరడా అడ్డం రెండున్నర సెంటీమీటర్లు, అంటే దాదాపు 5 చదరపు సెంటీమీటర్లు. 6 మీటర్ల లోతులో దాన్ని లోపలికి నొక్కుతున్న బరువు మూడు కిలోల దాకా ఉంటుంది, బిరడా బిగువు దానికి అదనం. ఒక సెంటీమీటరు మూతి ఉన్న చిన్న మందు సీసా తీసుకుంటే ఆ ఒత్తిడి అర కిలోకి పడిపోయింది, బిరడా తేలిగ్గా వచ్చింది. కానీ ఒక్కో లోతుకి ఒక్కో దించుడు. ఎండలో తెప్ప మీద అది అయ్యే పని కాదు.

అందుకని అక్వేరియం డిజిటల్ థర్మామీటరుకి మారాం. దాని తీగ మీటరు ఉంటుంది. కోసి 12 మీటర్ల జంట తీగ అతికించాం. తీగ పొడవైతే అంకె తప్పుతుందేమోనని మా బావమరిది అనుమానం. ఇందులో వేడిని పట్టే పూస కరెంటుకి పెట్టే అడ్డు మామూలుగా 25 డిగ్రీల దగ్గర 10,000 ఓమ్‌లు ఉంటుంది, డిగ్రీకి నాలుగు వందల ఓమ్‌ల దాకా మారుతుంది. 12 మీటర్ల రాగి తీగ కలిపేది ఒకటి రెండు ఓమ్‌లు. తేడా లెక్కలోకి రాదు. బకెట్లో మామూలు థర్మామీటరు పక్కన పెట్టి చూశాం, సరిపోయింది.

నీళ్లలో మాత్రం రెండో రోజుకే వింత మొదలైంది. పైన 31, అడుగున 34 చూపించింది. ఎండలో కాగిన నీరు తేలిక, పైనే ఉంటుంది. అడుగు వేడిగా, పైన చల్లగా అలా నిలబడదు. తప్పు నీళ్లది కాదు, అతుకుది. అతుకులోకి తేమ దిగితే కరెంటుకి అడ్డదారి దొరుకుతుంది, ఓమ్‌లు తగ్గుతాయి. ఈ రకం పూసలో ఓమ్‌లు తగ్గితే మీటరు వేడి పెరిగిందనుకుంటుంది. మామూలు టేపు తీసేసి, రెండు తీగల అతుకుల్ని ఒకదాని పక్కన ఒకటి రాకుండా ఎగుడుదిగుడుగా చేసి, లోపల జిగురున్న ముడుచుకునే గొట్టం తొడిగి వేడిచేశాం. పైన ఎం-సీల్. రాత్రంతా నీళ్లలో ఉంచి పొద్దున్న చూసినా అంకె కదల్లేదు.

దించాక కనీసం ఒక నిమిషం ఆగి చదవండి. పూస చుట్టూ ప్లాస్టిక్ ఉంటుంది, వెంటనే మారదు.

ఇప్పటిదాకా ఖర్చు: థర్మామీటరు 170, తీగ 180, గొట్టాలు, జిగురు 90. ఈ దశ 440, మొత్తం రూ. 820.

మూడో దశ: మే నెల నీళ్లు

మే మూడో వారం, మధ్యాహ్నం, గుంట మీద. అప్పటికి గుంట 6.3 మీటర్లకి దిగింది.

పైన 32.6 డిగ్రీలు
1 మీటరు 32.1
2 మీటర్లు 31.4
3 మీటర్లు 30.9
4 మీటర్లు 30.2
5 మీటర్లు 28.0
6 మీటర్లు 27.1

నాలుగుకీ అయిదుకీ మధ్య చూడండి. అక్కడి దాకా మీటరుకి డిగ్రీ కూడా మారని వేడి ఒక్క మీటరులో 2.2 డిగ్రీలు పడింది. పై నీరు, కింది నీరు రెండు పొరలుగా విడిపోయాయన్నమాట. గాలి ఎంత కలిపినా పై పొరే కలుస్తుంది. కింది పొరకి కొత్త గాలి అందదు, వెలుగూ అందదు. అడుగున కుళ్లే ఆకూ అలమూ ఉన్న కాస్త ప్రాణవాయువునీ తినేస్తుంది.

ఇది పుస్తకం మాట. చూడాలిగా. అప్పటికి మా దగ్గర ప్రాణవాయువు కొలిచే మీటరు లేదు. ఎరకోసం తెచ్చిన బతికున్న చిన్న రొయ్యల్ని చిల్లులు పొడిచిన రెండు డబ్బాల్లో పెట్టి, ఒకటి 3 మీటర్లకి, ఒకటి 6 మీటర్లకి దించాం. అరగంట తర్వాత పై డబ్బాలో రొయ్యలన్నీ ఎగిరాయి. కింది డబ్బాలో ఒక్కటీ బతకలేదు, డబ్బాకి కుళ్లిన గుడ్డు వాసన. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. మీ చెరువులో వేరే ఏమీ కొలవకపోయినా ఇదొక్కటి చెయ్యండి.

వలలు దులుపుకుంటున్న పెద్దాయనకి ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోలేదు. "ఎండాకాలం అడుగు నీరు కుల్లిపోద్ది బాబూ. వల అడుక్కి దించితే నల్లగా కంపు కొడతాది. ఆ నీటిలో సేపెందుకుంటాది?" అన్నారు. ఆయనకి ఎప్పటి నుంచో తెలుసు. మీటరుతో మేం చేసింది మంచి నీరు ఆగి కుళ్లు నీరు మొదలయ్యే గీత ఎన్ని మీటర్ల దగ్గరుందో చెప్పడం మాత్రమే.

భోగాపురం వైపు రొయ్యల చెరువులు చేసే మా పెద్దనాన్న గారి అబ్బాయి ఒక రోజుకి ఆ ప్రాణవాయువు మీటరు (డీవో మీటరు) ఇచ్చాడు. లీటరుకి మిల్లీగ్రాముల్లో: అర మీటరు దగ్గర 7.1, 2 మీటర్ల దగ్గర 6.8, 3 దగ్గర 6.1, 4 దగ్గర 4.9, 5 దగ్గర 1.8, 6 దగ్గర 0.4. రొయ్యల రైతులు 4 కన్నా తగ్గితే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆపకుండా తిప్పుతారు. 0.4 అంటే చేపకి గోడే.

వీడియో సూత్రం ఇక్కడ విరిగిపోతుంది. చల్లగా ఉందని చేప 6 మీటర్లకి దిగదు, దిగితే ఊపిరాడదు. అమెరికాలో కూడా బాగా తెలిసిన బాస్ వేటగాళ్లు ఈ పొరకి కింద వెయ్యరు. ఆ ముక్క చిన్న వీడియోల్లో ఎగిరిపోతుంది, "లోతు" అన్న మాట ఒక్కటే మిగులుతుంది.

నాలుగో దశ: గాలం (మే, జూన్)

మొదట్లో తెల్లవారగానే ఒడ్డున, తర్వాత మెట్టు మీద, ఎండెక్కాక గుంటలో వేశాం. అలా అయితే లెక్కకి విలువుండదు. తెల్లవారుజాము చాలా చేపలకి తిండి వేళ, ఆ గంట ఎప్పుడూ ఒడ్డుకే పోతోంది. అప్పటి నుంచి మూడు లోతులకీ సమానంగా గంట చొప్పున, వరస మార్చి మార్చి వేశాం. ఒక రోజు గుంటతో మొదలు, ఒక రోజు మెట్టుతో.

ఒడ్డు, 1.5 మీటర్ల లోపు. తామరాకు మీద ఎరగా రబ్బరు కప్ప. కొర్రమీను కొట్టడం కొడుతోంది, గాలానికి మాత్రం ఎక్కడం లేదు. మూడు మార్పులు చేశాక ఎక్కింది:

1. నైలాన్ లైను తీసేసి బ్రెయిడ్ (సన్న పోగులు అల్లిన లైను) వేశాం. నైలాన్ బరువు పడితే బాగా సాగుతుంది. 20 మీటర్ల దూరం నుంచి లాగితే ఆ లాగుడులో చాలా భాగం సాగుడుకే పోతుంది, ముల్లు దిగదు. బ్రెయిడ్ సాగదు, తామర కాడల్ని కూడా కోసుకొస్తుంది.
2. కప్ప వీపుకి అతుక్కున్నట్టు ఉన్న రెండు ముళ్లనీ శ్రావణంతో రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి వంచాం. అంతకన్నా వంచితే ఆకులకి తగులుకుంటుంది.
3. నీళ్లు చిమ్మగానే లాగడం మానేశాం. కప్ప మాయమై, లైను పక్కకి జరిగి, చేతికి బరువు తెలిసాకే లాగాం.

వీటిలో మూడోదే అలవాటు కావడం కష్టం. చెయ్యి దానంతటది లేస్తుంది.

మధ్యాహ్నం కొర్రమీను ఎక్కడికి పోతుందన్నది నేను అన్నిటికన్నా తెలుసుకోవాలనుకున్న సంగతి. బాస్ అయితే లోతుకో దట్టమైన నీడకో పోతుంది. కొర్రమీను లోతుకి పోలేదు. దానికి మొప్పల పైన గాలి పీల్చే అర ఉంటుంది, మధ్యమధ్య పైకొచ్చి గాలి మింగకపోతే నిండు నీళ్లలోనే చచ్చిపోతుంది. ఆరు మీటర్ల కింద పడుకుంటే ప్రతి ఊపిరికీ పన్నెండు మీటర్ల రాకపోకలు, పైన గద్దలూ కొంగలూ. అది మోళ్ల నీడలోకి, ఒంగిన కానుగ కొమ్మల కిందకి పోయింది. నీళ్లు 1.9 మీటర్లు దిగాయన్నాను కదా, ఫిబ్రవరిలో 3 మీటర్లున్న గులక మెట్టు ఇప్పుడు మీటరు పైచిలుకు. మోళ్లు సరిగ్గా అక్కడున్నాయి. ఫిబ్రవరి పటంలో నేను "లోతు" అని రాసుకున్న చోటే మేలో పెద్ద కొర్రమీన్లు దొరికాయి. అన్నిటికన్నా పెద్దది 1.6 కిలోలు, మోడుకి చేతి దూరంలో, 1.3 మీటర్ల నీళ్లలో. అర కిలోకి తగ్గినవాటిని వదిలేశాం.

మెట్టు దాటాక, 1.5 నుంచి 4 మీటర్ల దాకా. ఇక్కడ అడుగున వెయ్యకుండా మధ్యలో వేలాడదీయాలి. మామూలు బెండుతో 3.5 మీటర్లు పెడితే రాడ్డు పొడవు చాలక విసరలేం. జారే బెండు వాడాం. లైనుకి 3.5 మీటర్ల దగ్గర దారంతో చిన్న ముడి, దాని కింద పూస, పూస కింద బెండు. విసిరేటప్పుడు బెండు కిందకి జారుతుంది, నీళ్లలో పడ్డాక లైను దిగి ముడి దగ్గర ఆగుతుంది. ముడి నైలాన్ దారంతో వేస్తే బ్రెయిడ్ మీద జారిపోయింది, నూలు దారంతో వేసి తడిపాక నిలిచింది. ఎర తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్ద, బఠాణీ గింజంత. తాగే నీటిలో మేత ముద్దలు గుమ్మరించొద్దు.

శీలావతి మధ్య నీళ్ల చేప, బొచ్చె ఇంకా పైన మేస్తుంది. మేలో రెండూ వేడి తప్పించుకోవడానికి ఎంత దిగగలవో అంత దిగి, గాలి తగ్గే గీతకి కాస్త పైన ఆగాయి. ముడి 3.5 దగ్గర ఉంటే బెండు కదిలింది, 5 దగ్గర పెడితే ఎర పెట్టింది పెట్టినట్టే వచ్చింది. ఇంత తేడాకి చేపల వేటలో ఇంకే చిట్కా సాటిరాదని నా నమ్మకం.

గుంట, 4 మీటర్లకి కింద: ఏమీ లేదు. ఎర్రలు (వానపాములు) గుచ్చి అడుగున పెడితే గంట తర్వాత తెల్లబడి తిరిగొచ్చాయి.

జూన్ చివరికి చేపల లెక్క:
ఒడ్డు: కొర్రమీను 9, గొరక 6. మొత్తం 15.
మెట్టు దాటాక: శీలావతి 7, బొచ్చె 2, కొర్రమీను 1 (2.1 మీటర్ల దగ్గర). మొత్తం 10.
గుంట: 0.

ఇప్పటిదాకా ఖర్చు: బ్రెయిడ్ 600, రబ్బరు కప్పలు రెండు 440, గాలాలు, బెండ్లు, ఇనప బరువులు 210. ఈ దశ 1,250, మొత్తం రూ. 2,070. రాడ్డు, రీలు ఇంట్లో ఉన్నవే.

అయిదో దశ: వానలు (జులై నుంచి సెప్టెంబరు)

ఈ దశలో ఒడ్డున గాలం వెయ్యలేదు. వానలకి గడ్డి మునిగిన చోట కొర్రమీను గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రటి ముద్దలా గుంపుగా తిరుగుతుంటే తల్లీ తండ్రీ కింద కాపలా ఉంటాయి. ఆ గుంపు మీద కప్ప వేస్తే కొట్టి తీరుతాయి, పిల్లల మీదికి వచ్చిందనుకుని. అలా పట్టడం సులువని కొందరు గొప్పగా చెబుతారు. పెద్ద చేప పోయిన గంటలో పిల్లల్ని మిగతా చేపలు ఊడ్చేస్తాయి. ఒక్క కూర కోసం వందల పిల్లల్ని చంపుకోవడం అది. ఎర్ర గుంపు కనిపిస్తే అక్కడి నుంచి తప్పుకోండి, ఆ చోటు ఎవరికీ చెప్పకండి.

ఈ మూడు నెలలూ నీళ్ల తేట కొలిచాం. 20 సెంటీమీటర్ల స్టీలు పళ్లేనికి నాలుగు భాగాలుగా నలుపు, తెలుపు పెయింటు వేసి, అడుగున నట్టు కట్టి, కనుమరుగయ్యే దాకా దించి, తాడు చదవడం. 1865లో ఇటలీలో సెక్కి అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పటికీ అంతటా వాడుతున్నారు. మేలో 110 సెంటీమీటర్లు ఉన్నది, కొండల నుంచి ఎర్ర నీరు దిగాక 35కి పడింది. స్టీలు మీద పెయింటు ముందు పెచ్చులుగా ఊడింది. గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి మళ్లీ వేస్తే నిలిచింది.

ఎర్ర నీటిలో కంటితో వేటాడే చేప ఎరని చూడలేదు. వాసనతో, మీసాలతో వెతికే జెల్లకి అడ్డులేదు. బెండు ఎత్తేసి మెట్టు అంచున అడుగుకే ఎర్రలు పెట్టాం. జెల్ల ముళ్లు విషపు పోటు పెడతాయి, గుడ్డతో పట్టుకుని శ్రావణంతో గాలం తీయాలి.

సెప్టెంబరు చివరికి చేపల లెక్క:
ఒడ్డు: 15 (మారలేదు).
మెట్టు దాటాక: జెల్ల 5, శీలావతి 3 కలిపి 18.
గుంట: జెల్ల 1.

ఖర్చు: పళ్లెం, పెయింటు, ప్రైమర్ 130. మొత్తం రూ. 2,200.

ఆరో దశ: చలి నీళ్లు (నవంబరు నుంచి జనవరి)

నవంబరులో ఉత్తరపు గాలి తగిలాక తీగ దించితే పైకీ కిందకీ తేడా తగ్గుతూ వచ్చింది. జనవరి మొదటి వారం, తెల్లవారుజాము, గుంట 7.8 మీటర్లున్నప్పుడు: పైన 23.1, 4 మీటర్ల దగ్గర 22.9, అడుగున 22.6. గోడ పోయింది. రాత్రి చలికి పై నీరు చల్లబడి బరువెక్కి కిందకి దిగుతుంది, కింది నీరు పైకొస్తుంది, మొత్తం కలిసిపోతుంది. చల్లని నీరు గాలిని కూడా ఎక్కువ పట్టుకుంటుంది: 30 డిగ్రీల దగ్గర లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములు పడితే, 20 దగ్గర తొమ్మిది దాటుతుంది. రొయ్యల డబ్బా పరీక్ష మళ్లీ చేశాం. ఈసారి 7 మీటర్ల దగ్గర కూడా అన్నీ బతికే వచ్చాయి.

అమెరికా ఉత్తరాన చలికాలం సరస్సు మీద మంచు గడ్డ కడుతుంది, 4 డిగ్రీల నీరు అన్నిటికన్నా బరువు కాబట్టి అడుగున చేరుతుంది, బాస్ అందులో కదలకుండా పడి ఉంటుంది. వాళ్ల చలికాలపు చిట్కాలన్నీ ఆ మందకొడి చేప కోసం. మన అడుగు నీరు జనవరిలోనూ 22 పైన ఉంది, మోసు హాయిగా మేస్తోంది.

గుంట ఈ దశలో మొదటిసారి పలికింది. ఎర్రలు, అడుగున, 40 గ్రాముల ఇనప బరువు. ముందు మామూలు నట్టు కడితే నల్ల బురదలో కూరుకుపోయి ఎరనీ లోపలికి లాగేసింది. చిన్న ఇనప రేకు ముక్కకి రంధ్రం చేసి బల్లపరుపుగా కట్టాం, ఎరని బరువుకి రెండు జానల పైన ఉంచాం. అప్పటి నుంచి మోసు వరసగా పడింది. 7 మీటర్ల కింద మోసు కొరుకు చాలా సన్నం. రాడ్డు కొస వణికితేనే తెలుస్తుంది, బ్రెయిడ్ లేకపోతే అదీ తెలియదు.

వాలుగ రెండు, రెండూ చీకటిపడే వేళ గెడ్డ తెగిన అంచున. దాని పళ్లకి బ్రెయిడ్ ఒకసారి తెగింది. గాలానికి పైన జానెడు సన్న ఉక్కు తీగ వేశాక తెగలేదు. తెగిన గాలం మోడుకి చిక్కుకుంది, మర్నాడు వెళ్లి లైనుతో సహా తీసుకొచ్చాం.

జనవరి చివరికి చేపల లెక్క:
ఒడ్డు: కొర్రమీను 3 కలిపి 18. ఎండ వచ్చాకే, తామరాకు వెచ్చబడ్డాకే.
మెట్టు దాటాక: బొచ్చె 1, వాలుగ 2 కలిపి 21.
గుంట: మోసు 8, శీలావతి 4 కలిపి 13. అందులో 12 ఈ మూడు నెలల్లోవే.

ఖర్చు: ఉక్కు తీగ, రేకు 90. మొత్తం రూ. 2,290.

తర్వాత పని

ఒడ్డా లోతా అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను: ఏ చేప, ఏ నెల. కొర్రమీనుకైతే మీటరున్నర లోపు: వేసవి మధ్యాహ్నం నీడ, చలికాలం ఎండకి వెచ్చబడ్డ తామరాకు, వానల్లో దాని జోలికి పోవద్దు. బొచ్చె, శీలావతికి వేసవిలో గీతకి అర మీటరు పైన. మోసుకి చలికాలం గుంట.

మిగిలిపోయింది ఆ గీత పుట్టే సమయం. ఏప్రిల్‌లో తీగ అతుకు పాడైన రోజుల్లోనే పొరలు విడిపోయి ఉండాలి, ఆ అంకెలు మా దగ్గర లేవు. ఈసారి మార్చి మొదటి వారం నుంచే 3 నుంచి 6 మీటర్ల మధ్య అర మీటరుకోసారి కొలుస్తాం. డీవో మీటరు రెండు వారాలకోసారి ఇస్తానని అన్నయ్య ఒప్పుకున్నాడు. తీగకి ఈసారి అతుకే లేకుండా మొత్తం ఒకే ముక్క వేస్తున్నాం, పూసని నేరుగా దాని కొసకే టంకం పెట్టి.

మీ దగ్గర మద్దువలస, ఆండ్ర రిజర్వాయర్లలోనో, ఊరి పెద్ద చెరువులోనో రొయ్యల డబ్బా పరీక్ష చేస్తే నెల, లోతు, ఎన్ని బతికాయి, ఈ మూడూ రాసి పెట్టండి. నాలుగు మీటర్లకి మించి లోతు లేని చెరువుల్లో గాలికి అడుగు దాకా నీళ్లు కలిసిపోయి ఆ గీతే ఉండకపోవచ్చు. అది కూడా తేలాల్సిన సంగతే.